లైటు నిలిచిందా, అక్కా?

తిరువళ్లూరు స్టేషను మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఎదురు గోడ మీద ఆయన ముఖం కనిపించింది. మా వైపు మనిషి పోతే ఫోటో వేసి, కన్నీటి అంజలి అని పోస్టర్లు అంటిస్తారు. నాకు అరవం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు అయినా అంతే, నా పేరు గీకడం వరకే. కానీ ఆ ముఖం నాకు తెలుసు. కళ్లద్దాలు తెలుసు. ఒక పక్క కాడ విరిగితే రాగితీగ చుట్టుకున్నాడు, ఫోటోకు కూడా వాటినే పెట్టుకున్నాడు. పోస్టరు వానకు తడిసి రంగు కారింది. ఒక మూల చిరిగి వేలాడుతోంది. అంటే మనిషి పోయి చాలా రోజులయింది.

నా చేతిసంచిలో ఆయనకు ఇవ్వాల్సిన వస్తువు ఉంది. ఏడాదికి పైగా ఇవ్వకుండా దాచుకున్నాను. ఆ రోజు తెల్లవారి లేచి, ఇచ్చేయాలి అని మనసు గట్టి చేసుకుని రైలెక్కాను.

పోస్టరు మీద ఆయన పేరు ఉండే ఉంటుంది. పక్కనే పూలమ్మే ఆమెను అడిగితే చదివి చెప్పేది. నేను అడగలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ పేరు అడగలేదు, ఆయనా చెప్పలేదు. నేను అన్నా అన్నాను, ఆయన అక్కా అన్నాడు, ఇద్దరిలో ఎవరు పెద్దో తేల్చుకోలేదు. అందుకే ఇక్కడ కూడా ఆయనకు పేరు లేదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు కవిత రాస్తోంది. దాని ఫోనులో ఆయన ‘టీవీ అన్న’.

స్టేషను నుంచి బజారుకు పోయే దారిలో ఒక మేడమెట్ల కింద ఆయన రిపేరు అంగడి. లోపల నిలబడితే తల తగులుతుంది, కాబట్టి ఎవరొచ్చినా కూర్చోవాల్సిందే. ‘ఉక్కారుంగ’ అని అరవంలో అని, ఒక పాత స్పీకరు పెట్టె చూపించేవాడు. చొక్కా జేబులో నాలుగు స్క్రూడ్రైవర్లు ఉండేవి, పెన్ను మాత్రం ఉండేది కాదు. చీటీ రాయాలంటే వచ్చినవాళ్లనే పెన్ను అడిగేవాడు. ఏది బాగు చేసినా, మూత బిగించాక చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవాడు. టీవీ రిమోటు అయినా, ఇస్త్రీపెట్టె అయినా సరే. లోపల గలగలమంటే నేను ఏదో మర్చిపోయినానని లెక్క, అనేవాడు. నవ్వు వస్తే పళ్లు కనబడవు, భుజాలు మాత్రం కదులుతాయి.

ఇంకొక అలవాటు ఉంది. వస్తువును చూడడానికి ముందు మనిషి చేతులు చూసేవాడు.

మేము కండిగైలో నేతవాళ్లం. మా ఇంటాయనది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి గట్టు మీద కూర్చుంటాడు. కాళ్లు కింద తొక్కుడు చెక్కలను తొక్కాలి, కుడిచెయ్యి పై తాడు లాగి దారం కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసరాలి, ఎడమచెయ్యి పలకతో కొట్టాలి. ఒక రోజు పొద్దున మగ్గం మీదే కుడిపక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, సగం నోరు పోయాయి. ఆసుపత్రి నుంచి తెచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు. అన్నం పెడితే రెండు ముద్దలకు నోరు మూసుకుంటాడు. మనిషి చావుకు సిద్ధమయ్యాడని నాకు అర్థమయింది. మగ్గం మీద దుప్పటి కప్పేశాను.

కవిత శ్రీపెరంబుదూరు వైపు ఫోన్ల కంపెనీలో పని చేస్తుంది. చెయ్యి, కన్ను కలిసి కదలాలి అని ఆసుపత్రిలో చేతికి కసరత్తు చేయించే అమ్మాయి చెప్పిందట. ఇది పోయి ఎవరో స్నేహితురాలి దగ్గర పాత ఆటపెట్టె తెచ్చింది. అరచెయ్యంత పెట్టె. పాతకాలం వీడియో గేమును చిన్నగా చేసి మళ్లీ అమ్ముతున్నారట. టీవీకి తగిలిస్తే ఒక బొమ్మ పరుగెడుతుంది, దారిలో గుంటలు వస్తాయి, దుమికించాలి. దాంతో వచ్చిన రిమోటు సబ్బుముక్కంత, దాని వైరు మూరెడు. ఒక చేత్తో నడిపించాలి, ఇంకో చేత్తో దుమికించాలి. మా ఆయనకు చేతిలో పెడితే జారి కింద పడింది. రెండోసారీ పడింది. మూడోసారి ఆయనే ఎడమచేత్తో తోసేశాడు. మళ్లీ గోడవైపు తిరిగాడు. ఆ రాత్రి అన్నం అసలు ముట్టలేదు.

కవితను నోటికొచ్చినట్టు తిట్టాను. అది ఏడవలేదు. మందులకు తిరువళ్లూరు పోయినప్పుడు నన్ను, ఆ పెట్టెను కలిపి ఆ మెట్ల కిందికి లాక్కుపోయింది.

మేమిద్దరం తెలుగులో గొణుక్కోవడం విని, ఆయన అరవం వదిలేశాడు.

“యా ఊరక్కా మీది?”

“కండిగై. తిరుత్తణి కాడ.”

“మాది వెంగల్. వరిమడి మనుషులం. యాడ, చెయ్యి చూపించు.”

జోస్యం చెప్పేవాడేమో అనుకున్నాను. చూపించాను. రెండు వైపులా చూసి వదిలేశాడు.

“ఈ చెయ్యి కాదు గదా దీన్ని పట్టేది?”

“మా ఇంటాయనదన్నా. కుడిపక్క పడిపోయిండాది.”

“అట్లయితే పెట్టెను తెచ్చినావేమక్కా? చెయ్యిని గదా తేవాల్సింది.”

కవితకు కోపం వచ్చింది. “చెయ్యిని కోసి సంచిలో ఏసుకోని రావాల్నా అన్నా?” అంది.

ఆయన భుజాలు కదిలాయి. “వొద్దు పాపా. నేనే వొస్తా.”

వస్తాడని నేను అనుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. రైల్లో తిరుత్తణి దిగి, బస్సు పట్టుకుని, ఊళ్లో అడుక్కుంటూ వచ్చాడు. చెప్పులు విడిచి నేరుగా మా ఆయన దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు. ఎలా ఉంది, ఏం తింటున్నాడు, ఎప్పుడు వచ్చింది, వచ్చినవాళ్లందరూ అడిగే ఒక్క మాటా అడగలేదు. మా ఆయన వీపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. టీ పెడతానంటే, “సగం గ్లాసు చాలక్కా” అన్నాడు. మొహమాటం అనుకుని నిండా పోశాను. దాన్ని నేల మీదే ఉంచి, కొంచెం వంపేసి, ఆ తర్వాతే ఎత్తి తాగాడు. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

పక్క వీధిలో పవర్‌లూములు నడుస్తుంటాయి. పొద్దస్తమానం గోడలోంచి ఆ చప్పుడు వస్తూనే ఉంటుంది. అరగంట కూర్చున్నాక ఆయన నన్ను పిలిచాడు.

“అక్కా, బావ కాలు చూడు.”

చూశాను. ఎడమకాలు. మా ఆయన కళ్లు మూసుకున్నాడు, ముఖం గోడకు పెట్టుకున్నాడు. ఆ పవర్‌లూము చప్పుడుకు ఆ ఎడమపాదం మాత్రం పక్క మీద తొక్కుతూ ఉంది. లేస్తోంది, దిగుతోంది. ఎనిమిది నెలలు ఆ కాళ్లు కడిగినదాన్ని నేను. నాకు కనబడలేదు.

ఆయన లేచి మగ్గం దుప్పటి ఎత్తి కిందికి తొంగి చూశాడు.

“ఆ తొక్కుడు చెక్క ఒగటి ఊడదీసి ఇస్తావా అక్కా?”

నాకు ఒళ్లు మండింది. “మగ్గం కొయ్యిని తీసి ఆటబొమ్మకు కట్టేదానికా? దానికన్నా పొయ్యిలో పెట్టుకుంటాను.”

“పొయ్యిలో పెడితే ఒగ పూటకు వొస్తాది.”

“మా మామ చేసిన చెక్క అది. నీకు తెలుసునా?”

“తెలీదు. అందుకే అడిగి తీసుకుంటా ఉండా.”

నేను ఇంకేదో అనబోయాను. గోడవైపు నుంచి మా ఆయన గొంతు వచ్చింది. సగం నోటితో, రాయి దొర్లినట్టు.

“తీ... తీయ్.”

ఎనిమిది నెలల తరువాత ఆ నోట వచ్చిన మొదటి మాట. నేనే కూర్చుని కట్లు విప్పి చెక్క ఇచ్చాను.

రెండు ఆదివారాలు పోయాక మళ్లీ వచ్చాడు. ఈసారి సంచి నిండుగా ఉంది. వేరే కంపెనీది పెద్ద రిమోటు ఒకటి తెచ్చాడు. ఎడమచెయ్యి ఒక్కటే పట్టుకునేలా దాన్ని ఒక కట్టెకు బిగించాడు. తొక్కుడు చెక్క కింద మీట ఒకటి పెట్టి, దాని వైరును రిమోటులోకి గుచ్చాడు. చెయ్యి బొమ్మను నడిపిస్తుంది, కాలు దుమికిస్తుంది. అయితే ఆ రిమోటు ఈ ఆటపెట్టెకు పడదు. రెండిటికీ మధ్య అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, నల్లటి పెట్టె ఒకటి తగిలించాడు. అడాప్టరు అన్నాడు. నాకు నోరు తిరగలేదు. నడిమి పెట్టె అన్నాను.

“సరిగ్గా చెప్పినావక్కా. ఆటపెట్టె ఒగ కంపెనీది, రిమోటు ఇంగో కంపెనీది. దీని మాట దానికి తెలీదు, దాని మాట దీనికి తెలీదు. ఇది నడుమ కూసోని చెప్తాది. మనం ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం మాట్లాడ్తామే, ఆ మాదిరి.”

దాన్ని ఎలా వెలిగించాలో కవితకు చెప్పలేదు, నాకు చెప్పాడు. నాకు చదువు రాదన్నా, అన్నాను.

“దీనికి అచ్చరాలు లేవు. లైటే. ఈ బొడిపె నొక్కు. మిణుకు మిణుకు అంటే ఎతుకుతా ఉండాదని. నిలిచి ఎలిగితే దొరికిందని.”

నొక్కాను. నీలం లైటు మిణుకు మిణుకుమంది. చాలాసేపు వెతికింది. తర్వాత నిలిచింది.

మేమిద్దరం చెరో పక్క పట్టుకుని మా ఆయనను మగ్గం గట్టు మీద, ఆయన చోట్లోనే కూర్చోబెట్టాం. కాళ్లు గుంటలోకి వదిలాం. వీపుకు దిండ్లు, నడుముకు నా పాత చీర కట్టాం. టీవీని ఎదురుగా జరిపాం. నేను చూడలేక వంటింట్లోకి పోయాను. బియ్యం కడుగుతున్నాను. టక్ మంది. కాసేపు ఆగి మళ్లీ టక్ మంది. పవర్‌లూముది కాదు. మా చెక్కది. ఆ చప్పుడు నాకు పెళ్లయిన మర్నాటి నుంచి తెలుసు. కడిగిన బియ్యం మళ్లీ కడిగాను, మళ్లీ కడిగాను. అవతల మా ఆయన బొమ్మ గుంటలో పడుతూనే ఉంది.

“పడనీ బావా. గుంట యాడికీ పోదు” అంటున్నాడు ఆయన.

చెయ్యి బాగుపడిందని చెప్పను. బాగుపడలేదు. కానీ మా ఆయన గోడవైపు తిరగడం మానేశాడు. పొద్దున లేవగానే ఎడమచేత్తో గుంటవైపు చూపించేవాడు. ఆట అయ్యాక ఆకలి అనేవాడు. రెండు నెలలకు బొమ్మ మూడు గుంటలు దాటింది, ఆ రోజు సగం నోటితో నవ్వాడు. నెల మొదట్లో తిరువళ్లూరు నుంచి ఫోను వచ్చేది. బాగుండారా అని అడగడు. “లైటు నిలిచిందా, అక్కా?” అంటాడు. నిలిచిందన్నా అంటాను. పెట్టేస్తాడు.

ఆయుధపూజ వచ్చింది. మా ఇళ్లల్లో ఆ రోజు మగ్గానికి, కత్తెరకు, కత్తిపీటకు, సైకిలుకు, పని చేసే ప్రతి వస్తువుకూ గంధం, కుంకుమ పెట్టి, బొరుగులు, శనగలు నైవేద్యం పెడతాం. పోయిన ఏడాది దుప్పటి కప్పిన మగ్గానికి నేను ఏదీ పెట్టలేదు. ఈసారి మా ఆయన వేలు చూపించాడు. చెక్క చూపించాడు, రిమోటు చూపించాడు, నడిమి పెట్టె చూపించాడు. నాకు సంతోషమయింది. గంధం చిక్కగా కలిపి అన్నిటికీ ముందు పక్క, వెనుక పక్క మెత్తాను. నడిమి పెట్టెకు పైన ఒక బొట్టు, ముందు ఒక బొట్టు. ముందు వైపే వైరు గుచ్చే బొక్క ఉంది. అది కళ్లలా, ముఖంలా కనిపించింది నాకు. దాని మీదే పెట్టాను. ఆ రోజు ఎవరూ పనిముట్లు ముట్టకూడదు కాబట్టి ముట్టలేదు.

మర్నాడు నొక్కితే లైటు రాలేదు. ఇరవై సార్లు నొక్కాను. మా ఆయన నా వేళ్ల మీద కుంకుమ చూశాడు, పెట్టె చూశాడు. తనను పడుకోబెట్టమన్నాడు. గోడవైపు తిరిగాడు.

పెట్టెను తీసుకుని తిరువళ్లూరు పోతూ రైల్లో అంతసేపూ ఏం చెప్పాలా అని ఆలోచించాను. కింద పడింది అందామనుకున్నాను. ఆయన చేతిలో పెట్టగానే అబద్ధం నోట రాలేదు. మూత విప్పి చూశాడు. లోపలంతా ఎండిన ఎర్రమట్టి. చాలాసేపు భుజాలు కదిలాయి. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“బొట్టు నుదుట పెడతారక్కా. నోట్లో పెడతారా?”

“దానికి నోరు యాడుండాదో నాకేం తెలుసన్నా.”

“తిట్టలేదక్కా. ఎన్నో ఏళ్లుగా రిపేరు చేస్తా ఉండా. పూజ చేసిన సామాను నాకాడికి ఎవురూ తేలేదు.”

పళ్లు తోమే బ్రష్షుతో, ఏదో ఘాటు నీళ్లతో పొద్దు వాలేదాకా కడిగాడు. లోపల ఒక చిన్న ముక్క పాడయిందని వేరేది అతికించడానికి కూర్చున్నాడు. అప్పుడు చూశాను ఆయన చేతిని. కుడిచెయ్యి వణుకుతోంది. కొంచెం కాదు. మణికట్టును బల్ల అంచుకు తువ్వాలుతో కట్టేసుకున్నాడు. వేళ్లు మాత్రం కదిలేలా. నేను చూశానని ఆయన చూశాడు.

“దీనికి మాత్రం నడిమి పెట్టె దొరకలేదక్కా” అన్నాడు.

బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, నాకు ఇచ్చాడు. పైన నేను పెట్టిన బొట్టు అలాగే ఉంచాడు. బయలుదేరుతుంటే ఒక మాట అన్నాడు.

“ఇది నా సొంతానికి తెప్పించుకున్నది, అమ్మేది కాదు. బావకు అవసరం తీరినాక తెచ్చిస్తావా? దీనితో పని పడే చెయ్యి ఇంగొగటి రాకుండా ఉండదు.”

తెస్తానన్నాను. మాట ఇచ్చాను.

ఎండలు ముదిరాక మా ఆయన పోయాడు. ముందు రోజు దాకా తొక్కాడు. దినాల రోజు నా నుదుట బొట్టు చెరిపేశారు. ఆ రోజు టీవీ అన్న వచ్చాడు. వెనుక వరసలో కూర్చుని తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వచ్చినప్పుడు, అలమర మీద నడిమి పెట్టె కనిపించింది ఆయనకు. దాని మీద ఎర్రబొట్టు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పెట్టెను చూశాడు, నా నుదురు చూశాడు. ఏమీ అడగకుండా చెప్పులు వేసుకుని పోయాడు.

ఇచ్చేయాల్సింది అప్పుడే. ఇవ్వలేదు. నా చేత్తో, నేను బొట్టు పెట్టుకునే రోజుల్లో పెట్టిన బొట్టు అది. మళ్లీ ఆయుధపూజ వచ్చింది. నేను కుంకుమ ముట్టకూడదు. మగ్గానికి కవిత పెట్టింది. నడిమి పెట్టెకు పెట్టబోతే, ముట్టుకోకు అని అరిచాను. సాయంత్రాలు దానిని ఆటపెట్టెకు తగిలించి నొక్కుతాను. ఆడను. లైటు వెతికి, నిలిచేదాకా చూస్తాను. తీసేస్తాను. నెల మొదట్లో ఫోను వస్తూనే ఉంది.

“లైటు నిలిచిందా, అక్కా?”

“నిలిచిందన్నా.”

ఒక్కసారి కూడా పెట్టె సంగతి అడగలేదు. అడగకపోవడం నాకు అనుకూలంగానే ఉండింది, దాచేదేముంది. ఒక నెల ఫోను రాలేదు. మంచిదే అనుకున్నాను. రెండో నెల రాలేదు. మూడో నెల రాకపోతే నాకు నిద్ర పట్టలేదు. మనిషికి కోపం వచ్చిందనుకున్నాను. పోతాడని అనుకోలేదు.

అరవవాళ్ల ఆడి నెల, మన ఆషాఢం. తిరుత్తణి కొండకు మొక్కు కావళ్లు మోసుకొచ్చే జనంతో రైళ్లు నిండుతున్నాయి. నేను ఎదురు రైల్లో తిరువళ్లూరు పోయి, గోడ మీద ఆయన ముఖం చూశాను. అంతవరకూ చెప్పాను కదా.

అంగడి రేకు సగం ఎత్తి ఉంది. ఆయన కూర్చునే చోట ఒక ఆడమనిషి కూర్చుంది. చుట్టూ జనం వదిలిపెట్టిన మిక్సీలు, రేడియోలు. ఆమె మెడ, నుదురు చూస్తే ఎవరో చెప్పనక్కరలేదు.

“నీదేదక్కా? చీటీ ఉండాదా?” అంది.

“తీసుకునేదానికి రాలేదమ్మా. ఇచ్చేదానికి వొచ్చినా.”

సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. తిప్పి చూసింది. బొట్టు దగ్గర ఆగింది.

“కండిగై అక్కవా నువ్వు?”

అవునన్నాను. నన్ను స్పీకరు పెట్టె మీద కూర్చోబెట్టి, పక్క అంగడి నుంచి టీ తెప్పించి, గ్లాసులో పోసింది. సగమే పోసి ఆగింది. తర్వాత తనకే తెలిసి, మిగతాది కూడా పోసింది.

“అలవాటయిపోయిందక్కా. ఆయనకు నిండా పోస్తే చెయ్యి వణికి ఒలికిపోతాది. ఎవురన్నా చూస్తారని సగమే అడిగేది.”

మా ఇంట్లో మర్యాద తెలియని మనిషి అనుకున్నాను కదా, ఆ గ్లాసు కళ్ల ముందుకు వచ్చింది.

ఆమె లోపలి నుంచి ఒక చెక్క తెచ్చింది. కొత్త చెక్క, నునుపుగా చిత్రిక పట్టింది. కింద మీట, మీట నుంచి వైరు, వైరు చివర గుచ్చే పిన్ను, అన్నీ అయిపోయి ఉన్నాయి.

“కడంబత్తూరులో ఒగ అమ్మాయికి ఇది. ప్రెస్సు మిషన్లో కుడిచేతి వేళ్లు పోయినాయి. ఇంట్లోంచి బయటికి రాదు. పోయిన దీపావళికి చేసినాడు. పెట్టె వొచ్చేస్తాది, వొచ్చేస్తాది అని ఆ అమ్మాయికి చెప్తా ఉన్నాడు.”

“నన్ను అడగలేదే.”

“నేనూ అదే అన్నా. ఫోను చేస్తా ఉండావు గదా, పెట్టె తెమ్మని ఒగ మాట అనరాదా అని. ‘అడిగితే ఇచ్చేస్తాది. ఇచ్చినాక ఏడస్తాది. ఆయక్కే తేవాల’ అన్నాడు.”

దీపావళి నుంచి ఆడి దాకా. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి ఎన్ని రోజులు పడుకుందో నేను వేళ్ల మీద లెక్క చూడలేదు. చూస్తే అక్కడి నుంచి లేవలేకపోయేదాన్ని.

నేనే ఇచ్చొస్తానంటే, ఆమె ఆ అమ్మాయికని ఉంచిన ఆటపెట్టె, రిమోటు, వాటితో నడిమి పెట్టె నా సంచిలో పెట్టింది. చెక్కను కొంగులో చుట్టి చంకన పెట్టుకున్నాను. తిరుగు రైల్లో కావళ్ల జనం. కడంబత్తూరులో దిగబోతుంటే ఒకరి కావడి పూలు నా తలకు తగులుకుని తెగాయి. ‘పార్త్ పోంగమ్మా’, చూసుకుని పొమ్మని తిట్టారు. దిగాను.

ఆ అమ్మాయి కుడిచేతిని కొంగు లోపల పెట్టుకుని కూర్చుంది. దాని అత్తగారు టీవీ చూస్తోంది. ఎవరు, ఎందుకు వచ్చారు అని అత్తే అడిగింది. టీవీ అన్న పంపించాడన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తి, “ఆయన పోయినాడంట గదా” అంది. దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కాసేపు ఊరికే కూర్చున్నాను. ఆ తర్వాత నా నోటి నుంచి వచ్చింది.

“చెయ్యి చూపించమ్మా.”

ఎడమచెయ్యి చాపింది.

“అది కాదు. ఆ చెయ్యి.”

చాలాసేపటికి కొంగు లోంచి తీసింది. రెండు వైపులా చూశాను. బొటనవేలు ఒక్కటే మిగిలింది. తన చేతిని ఎవరైనా అలా చూసి ఎన్నాళ్లయిందో, వెనక్కి లాక్కోలేదు. వదిలేసి, ఆటపెట్టె తగిలించాను, నడిమి పెట్టె తగిలించాను, చెక్క కాళ్ల దగ్గర పెట్టి పిన్ను రిమోటులో గుచ్చాను. ఏది ఎక్కడో నా వేళ్లకు తెలుసు. బొడిపె మాత్రం దానితోనే నొక్కించాను. బొటనవేలితో నొక్కింది. లైటు మిణుకు మిణుకుమంది.

“పని చెయ్యలేదా అత్తా?” అని నన్ను అడిగింది.

“ఎతుకుతా ఉండాది. ఉండు.”

నిలిచింది.

ఇంటికి వచ్చి మా పాత తొక్కుడు చెక్కను మళ్లీ మగ్గానికి కట్టేశాను. అలమర మీద ఆ పెట్టె ఉన్న చోట దుమ్ము లేని నలుచదరం ఒకటి ఉంది. చాలా రోజులు తుడవలేదు.

ఈ ఏడు ఆయుధపూజ రోజు పొద్దున్నే ఫోను వచ్చింది. కడంబత్తూరు నుంచి. అవతల బొరుగులు పోస్తున్న చప్పుడు, ఆ అమ్మాయి అత్తగారు ఏదో కసురుతున్న గొంతు.

“అత్తా, నడిమి పెట్టెకు బొట్టు యాడ పెట్టేది?”

“నుదుటమ్మా. పైన. నోట్లో పెట్టబాకు.”

“పైన పాత బొట్టు ఒగటి ఉండాదే. తుడిచేసేదా?”

అలమర వైపు తిరిగాను. అత్తా, అత్తా అంటోంది.

“తుడవబాకు,” అన్నాను. “దాని మీదనే పెట్టు.”